మిత్రగోష్ఠి భాష: ‘పెళ్లిచూపులు’, ‘ఈ నగరానికి ఏమైంది’ చిత్రాల విషయంలో తెలుగు విమర్శ ద్వంద్వ ప్రమాణాలు

ఏటా ఆగస్టు 29న తెలుగు శాఖలలో గిడుగు వేంకట రామమూర్తి చిత్రపటానికి పూలమాల పడుతుంది. పదకొండు రోజులు తిరిగేసరికి, సెప్టెంబరు 9న, తెలంగాణలోని శాఖలు కాళోజీ నారాయణరావు జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాయి. రెండు సభలలోనూ వక్తలు నిలబెట్టే సూత్రం దాదాపు ఒకటే: జనవ్యవహారంలో ఉన్న భాషకు సాహిత్యార్హత ఉన్నది, దానికి గ్రంథస్థభాష పెట్టే పరీక్షలో ఉత్తీర్ణత పొందవలసిన అగత్యం లేదు. ఈ సూత్రాన్ని కాదనే తెలుగు అధ్యాపకుడు నేడు కనిపించడు. అయితే సభ ముగిసిన మరుక్షణంలో, ఇరవై అయిదేళ్ల హైదరాబాదు యువకులు నలుగురు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునే తెలుగు ప్రస్తావనకు వస్తే, అదే అధ్యాపకుడు గిడుగు పక్షం వదలి జయంతి రామయ్య పంతులు పక్షంలోకి నడిచిపోతాడు. అది భాష కాదంటాడు, సంకరమంటాడు, అందులో కథ లేదంటాడు, కుర్రకారు కాలక్షేపమంటాడు. ఈ పక్షాంతరీకరణను ప్రశ్నించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

విచారణకు ఆధారం తరుణ్ భాస్కర్ దర్శకత్వం వహించిన రెండు చిత్రాలు. మొదటిది 2016 జూలై 29న విడుదలైన ‘పెళ్లిచూపులు’. రాజ్ కందుకూరి, యష్ రంగినేని నిర్మాతలుగా తక్కువ పెట్టుబడితో తయారైన చిత్రం. రెండవది 2018 జూన్ 29న వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’. చదువు ముగిసి జీవితం ఇంకా మొదలుకాని వయస్సులో ఉన్న మిత్రుల హాస్యచిత్రాలివి. మొదటి చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగానే కాక, సంభాషణల రచనకు కూడా 64వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో గుర్తింపు లభించింది. భారతీయ భాషలన్నింటి చిత్రాలతో పోటీపడి ఒక తెలుగు సంభాషణా రచన ఆ గౌరవం పొందినప్పుడు, సంభాషణను అధ్యయన వస్తువుగా ప్రకటించుకున్న శాఖలు ఉలిక్కిపడి ఉండవలసింది. అటువంటి కదలిక కనిపించలేదు.

స్వతంత్రమన్న మాట గురించి

ముందుగా ఒక ఆక్షేపణను పరిహరించాలి. ‘ఈ నగరానికి ఏమైంది’ చిత్రాన్ని నిర్మించినది డి. సురేశ్‌బాబు; ‘పెళ్లిచూపులు’ను జనంలోకి తీసుకువెళ్లిన పంపిణీలోనూ ఆయన చేయి ఉన్నది. కనుక వీటిని స్వతంత్ర చిత్రాలనడం అతిశయోక్తి అని కొందరంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. తెలుగునాట థియేటర్ల మీద అదుపు కొద్ది చేతులలో ఉన్నంతకాలం స్వాతంత్ర్యం నిర్మాణదశ వరకే పరిమితమవుతుంది, ప్రదర్శన దశకు రాగానే లొంగుబాటు తప్పదు. ఆ చర్చ ఆర్థిక చరిత్రకారులది. తెలుగు శాఖకు పట్టవలసిన ప్రశ్న వేరు: తక్కువ పెట్టుబడి భాషను ఏం చేస్తుంది?

చాలా చేస్తుంది. పెట్టుబడి తక్కువైనప్పుడు గదులు, మేడలు, కార్లు, బార్లు మిగులుతాయి, దృశ్యవైభవం మిగలదు. దృశ్యం చేయవలసిన పని సంభాషణ మీద పడుతుంది. తార లేనప్పుడు ‘పంచ్ డైలాగు’ అవసరం పోతుంది. పంచ్ డైలాగు నిర్మాణం గమనించదగినది. అది అంత్యప్రాసతో బిగిసి ఉంటుంది, ఎదుటి పాత్రకు చెబుతున్నట్టు నటిస్తూ థియేటరులోని ప్రేక్షకుణ్ణి సంబోధిస్తుంది, తరువాత చప్పట్లకు వ్యవధి విడుస్తుంది. వీధి భాగవతంలో పాత్రప్రవేశ దరువుకు అది దూరపు చుట్టం. మిత్రుల హాస్యంలో మాట ఎదుటివాడికే చెందుతుంది; ప్రేక్షకుడు చాటున నిలబడి వినేవాడు మాత్రమే. సంబోధ్యుడు మారినందువల్ల వాక్యం మారింది, వాక్యం పొడవు మారింది, వాక్యం తెగే చోటు మారింది. పెట్టుబడికీ వాక్యనిర్మాణానికీ ఇంత స్పష్టమైన సంబంధం కనబడే సందర్భాలు ఆధునిక తెలుగులో ఎన్నో లేవు.

శబ్దగ్రహణం సంగతి ఇంకా ముఖ్యం. తెలుగు చలనచిత్రం దశాబ్దాలుగా నటనను ఒకచోట, గొంతును మరొకచోట నమోదు చేస్తూ వచ్చింది. డబ్బింగు గదిలో ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క ఖాళీ ఉంటుంది. ఒకరు ముగించిన తరువాతే మరొకరు ప్రారంభించాలి. దానివల్ల తెలుగు సినిమాలో ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడడం దాదాపు అంతరించింది. ‘పెళ్లిచూపులు’ చిత్రీకరణ స్థలంలోనే గొంతులను నమోదు చేసింది. ఫలితంగా మాట మీద మాట పడడం, సగంలో వదిలిన క్రియ, ఎదుటివాడు పూరించిన కర్త, జవాబుగా ఒక ‘ఊ’, జవాబు ఇవ్వకుండా పక్కకు తిరగడం — ఇవన్నీ తెర మీదికి వచ్చాయి. అసమాపక క్రియతో ఆగిపోయే వాక్యం తెలుగు సంభాషణకు ప్రాణం, ‘వెళ్లి...’, ‘చెబితే...’ అని ఆపి మిగిలినది ఎదుటివాడి ఊహకు వదలడం ఈ భాష మాట్లాడేవారి నిత్యవిద్య. వ్యాకరణాలు దానిని అసంపూర్ణ వాక్యమని తీసివేశాయి, డబ్బింగు గది వినబడకుండా చేసింది. ఒక చిన్న చిత్రం దానిని మళ్లీ వినిపించినప్పుడు ‘మాటలు స్పష్టంగా లేవు’ అన్నది కొందరికి తోచిన విమర్శ!

కథ లేదన్న అభియోగం

‘పెళ్లిచూపులు’ కథ క్లుప్తమైనదే. పెళ్లిచూపులకు వచ్చిన ప్రశాంత్, చూడబడవలసిన చిత్ర ఒక గదిలో చిక్కుకుంటారు, తలుపు రాదు. తీరా చూస్తే వరుడి కుటుంబం వచ్చినది వేరొక ఇంటికి. ఆ గదిలో వారు చెప్పుకున్న గతం నుంచి ఫుడ్ ట్రక్కు వ్యాపారం పుడుతుంది. ఇంజినీరింగు పరీక్షలను సప్లిమెంటరీలతో గట్టెక్కించినవాడు అతను, వంట ఒక్కటే వచ్చినవాడు. లెక్క, పట్టుదల ఉన్న మనిషి ఆమె. ఇంతే కథ. అయినా ఆ కథ హిందీలో ‘మిత్రోఁ’గా 2018లోనూ, తమిళంలో ‘ఓ మణప్పెణ్ణే’గా 2021లోనూ పునర్నిర్మాణం పొందింది. కథ లేని చిత్రాన్ని ఇరుగుపొరుగు భాషలవారు ఏం చూసి కొనుక్కున్నట్టు?

వాదాన్ని ఇంకొక మెట్టు పైకి తీసుకుపోవచ్చు. ఇతర భాషలకు తరలిపోగలిగినది కథ. తరలిపోలేక తెలుగులోనే ఉండిపోయినది సంభాషణ. తెలుగు శాఖ బాధ్యత ఆ రెండవదాని మీదే ఉన్నది. కథాసంవిధానాన్ని ఏ భాషా విభాగమైనా, ఏ చలనచిత్ర అధ్యయన కేంద్రమైనా విశ్లేషించగలదు. ప్రశాంత్ మిత్రుడు కౌశిక్ పాత్రలో ప్రియదర్శి పలికిన తెలంగాణ వాక్యపు ఎత్తుపల్లాలను, క్రియాంత స్వరాన్ని, ఎక్కడ ఆపితే నవ్వు వస్తుందో తెలిసిన ఆ కాకువును విశ్లేషించగల వేదిక ప్రపంచంలో ఒకటే ఉన్నది. ఆ వేదికే ముఖం తిప్పుకుంటే ఆ పని ఇంకెవరూ చేయరు.

‘కథ లేదు’ అన్న అభియోగం వెనుక మరొక దురభిప్రాయం దాగి ఉన్నది. పనిలేని యువకుడు, నిర్ణయం తీసుకోలేని యువకుడు తెలుగు విమర్శకు కొత్త కాదు. త్రిపురనేని గోపీచంద్ సృష్టించిన సీతారామారావు మీద, బుచ్చిబాబు సృష్టించిన దయానిధి మీద వచ్చిన విమర్శ ఒక చిన్న గ్రంథాలయం నింపుతుంది. వారి అసమర్థత తాత్త్వికమని, ఆధునికుడి వేదన అని శాఖలు అంగీకరించాయి. అదే అసమర్థతను ‘ఈ నగరానికి ఏమైంది’లోని వివేక్ ప్రదర్శిస్తే అది తాగుబోతు వేషమవుతున్నది. తేడా ఎక్కడ? సీతారామారావు దుఃఖిస్తాడు, వివేక్ మిత్రులు నవ్విస్తారు. విషాదానికి తత్త్వం ఉంటుంది, హాస్యానికి ఉండదన్న పూర్వనిశ్చయం తప్ప మరో తేడా చూపడం కష్టం.

ఈ నిశ్చయం తెలుగు సంప్రదాయం నుంచి వచ్చినది కాదు. ప్రహసనం దశరూపకాలలో ఒకటి. కందుకూరి వీరేశలింగం సంఘసంస్కరణకు ఆయుధంగా ఎన్నుకున్న ప్రక్రియలలో ప్రహసనం ఉన్నది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గణపతి’ (1920) ఒక ప్రయోజకుడు కానివాడి కథ. మొక్కపాటి నరసింహశాస్త్రి పార్వతీశం ఊరు దాటిన కుర్రవాడి కథ. పల్లె విడిచి నౌక ఎక్కిన పార్వతీశానికి ఎదురయ్యే ప్రతి వస్తువూ అతని అజ్ఞానాన్ని బయటపెడుతుంది. నగరం విడిచి గోవా చేరిన ఈ నలుగురికి ఎదురయ్యే ప్రతి సంఘటనా వారు నాలుగేళ్లుగా ఒకరి నుంచి ఒకరు దాచుకున్నదాన్ని బయటపెడుతుంది. విలువైన నగ పోతుంది, డబ్బు కావాలి, షార్ట్ ఫిలిం పోటీ ఒకటి ఉన్నది, ఎప్పుడో ఆగిపోయిన సినిమా తీసే పని మళ్లీ మొదలవుతుంది. ప్రయాణం హాస్యానికి చట్రం కావడం తెలుగు వచనంలో నూరేళ్ల ఆచారం.

భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా విభజించిన సంగతి స్నాతకోత్తర విద్యార్థికి తెలుసు. పరీక్షలో రాసే ఆ విభాగం ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది. వివేక్ తక్క మిగిలిన ముగ్గురి వృత్తులు చూడాలి: కార్తీక్ ఒక క్లబ్బులో మేనేజరు, ఉపేంద్ర పెళ్లి వీడియోలు కూర్చే ఎడిటరు, కౌశిక్ డబ్బింగు కళాకారుడు. సినిమా తీయాలనుకున్నవారు సినిమా అంచున బతుకుతున్నారు. ఒకడు ఇతరుల పెళ్లిళ్లకు కథ అల్లుతాడు, మరొకడు ఇతరుల ముఖాలకు గొంతు అరువిస్తాడు. చిత్రంలోని నవ్వు మొదట ఒకరి మీద ఒకరు విసురుకునే పరస్థ హాస్యంగా ఉండి, గోవాలో కెమెరా చేతికి వచ్చాక తమ మీద తాము నవ్వుకునే ఆత్మస్థ హాస్యంగా మారుతుంది. ఆ మార్పే కథ. దానిని చదవడానికి కావలసిన పారిభాషిక పదజాలం తెలుగు శాఖ చేతిలో వెయ్యేళ్లుగా ఉన్నది; పొరుగు శాస్త్రాల నుంచి అప్పు తెచ్చుకోవలసిన పని లేదు.

గిరీశానికి ఒక న్యాయం, కౌశిక్‌కు మరొకటి

భాషాసంకరమన్న ఆరోపణ అన్నింటికంటె తరచుగా వినిపిస్తుంది. ‘కన్యాశుల్కం’ 1897లో మొదటి కూర్పుగా, 1909లో సమూలంగా మారిన రెండవ కూర్పుగా అచ్చయింది. గిరీశం నోట వచ్చే ఇంగ్లీషు ముక్కలను తొలగించి ఆ నాటకాన్ని ఊహించడం అసాధ్యం. ప్రతి శాఖలోనూ ఆ సంకరభాష పాఠ్యాంశం. అది పాత్రోచితమని, వలసపాలన సృష్టించిన చదువును ఎత్తిచూపుతున్నదని, హాస్యానికి మూలమని అధ్యాపకులు సరిగానే చెబుతారు. శిష్యుడు వెంకటేశానికి గిరీశం చుట్ట కాల్చడం నేర్పిన వైనాన్ని నవ్వుతూ బోధించే తరగతి గదిలోనే, పొగాకు వ్యతిరేక ప్రకటనలోని మాటలను పేరుగా పెట్టుకున్న చిత్రం అసభ్యమన్న తీర్పు వెలువడడం ఒక వింత.

గిరీశానికి అన్వయించిన న్యాయాన్ని కౌశిక్‌కు ఎందుకు అన్వయించరాదు? ‘ఇంగ్లీషు పదాలు ఎక్కువ’ అన్నది లెక్క. లెక్క విశ్లేషణ కాదు. ఆ పదాలు తెలుగులోకి వచ్చి ఏ పని చేస్తున్నాయన్నది చూడాలి. నేటి నగర యువకుడు ‘లైట్ తీసుకో’ అంటాడు. రెండు మాటలలో ఒకటి ఇంగ్లీషు. కానీ ఇంగ్లండులో పుట్టి పెరిగినవాడికి ఈ పదబంధం బోధపడదు. పట్టించుకోవద్దన్న అర్థం తెలుగు క్రియ ‘తీసుకొను’ ఇచ్చినది. ‘ఫీలవడం’ అంటే ఇంగ్లీషులో అనుభూతి చెందడం, తెలుగులో మనసు నొచ్చుకోవడం. ‘నీకంత సీన్ లేదు’ అన్నప్పుడు ‘సీను’ అన్నది రంగం కాదు, యోగ్యత. సినిమా అనే వృత్తి నుంచి జాతీయం పుట్టింది, పొలం నుంచి ‘దుక్కి’, మగ్గం నుంచి ‘పడుగు పేక’ పుట్టినట్టే. ‘సప్లీ’ అన్న మాట ఇంజినీరింగు కళాశాలలు ఊరూరా వెలిసిన కాలపు చరిత్రను రెండక్షరాలలో మోస్తున్నది. అరువు పదానికి ‘చేయు’, ‘అవు’ అనుబంధ క్రియలు చేర్చి, బహువచనానికి ‘లు’ చేర్చి, విభక్తి తగిలించి తన ఇంటి పనిలో పెట్టుకోవడం తెలుగు భాష పాత అలవాటు. సంస్కృత ధాతువులతోనూ, పారసీక పదాలతోనూ చేసినది ఇదే. ‘ఖర్చు చేయు’ అనేవాడిని ఈనాడు ఎవరూ సంకరభాషి అనరు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. అధ్యాపకులు ఊళ్లు తిరిగి రైతు నోటి నుంచి పదాలు సేకరించిన మహత్తర కృషి అది. రైతు మాటను రాసుకోవడానికి చూపిన శ్రద్ధలో పదో వంతైనా ఎడిటింగు గదిలోని మాటకు చూపినవారు అరుదు. పెళ్లి వీడియో ఎడిటరుది వృత్తి కాదా? అతనికి వృత్తిభాష లేదా? మాండలికమంటే పల్లెదే కావాలి, పాతదే కావాలి, నశిస్తున్నదే కావాలన్న భావం భాషాశాస్త్రానిది కాదు, స్మృతికాతరత్వానిది.

మరొకటి గుర్తు చేయాలి. తెలంగాణ భాషను తెలుగు సినిమా చాలాకాలం విదూషకుడికో ప్రతినాయకుడికో కేటాయించిందన్న విమర్శ న్యాయమైనది. ఆ విమర్శ ‘పెళ్లిచూపులు’కూ కొంత తగులుతుంది: అందులో తెలంగాణ యాస గాఢంగా పలికేది నాయకుడి మిత్రుడే, నవ్వు పుట్టించవలసినవాడే. రెండేళ్లు గడిచేసరికి ‘ఈ నగరానికి ఏమైంది’లో ఆ అంతరం పలచబడింది. విష్వక్ సేన్ పోషించిన వివేక్ కథకు కేంద్రం. కోపం, ప్రేమభంగం, సినిమా మీద అభిమానం అన్నీ హైదరాబాదు తెలుగులోనే వెళ్లగక్కుతాడు. యాస హాస్యపాత్రకు గుర్తుగా ఉండడం మాని నలుగురి ఉమ్మడి భాష అయింది. 1998లో నగేశ్ కుకునూర్ పదిహేడు లక్షల రూపాయలతో ‘హైదరాబాద్ బ్లూస్’ తీసినప్పుడు ఈ నగరపు మిత్రబృందం తెర మీద ప్రధానంగా ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చింది. తెలుగు, హిందీ పక్కవాద్యాలుగా ఉన్నాయి. ఇరవై ఏళ్లలో అదే నగరం, అదే వయస్సు, అదే అయోమయం తెలుగులోకి వచ్చాయి. ఇంగ్లీషు తెలుగును మింగుతున్నదని విలపించేవారు ఈ ఎదురు ప్రవాహాన్ని గమనించకపోవడం విచారకరం.

మామా, బావా

విమర్శ నిజంగా అడగవలసిన ప్రశ్నలు అడగకుండా ఎలా తప్పించుకున్నదో చూపడానికి సంబోధనల విషయం ఒకటి చాలు. తెలుగు మిత్రబృందాలలో ‘మామా’, ‘బావా’ అన్న పిలుపులు విస్తారం. స్నేహితుణ్ణి ‘తమ్ముడూ’ అనడం వేరు. అందులో వయోభేదం, రక్షణ, పెద్దరికం ఉంటాయి. మామ, బావ వరుసలు అలా కావు. తెలుగు బంధుత్వ వ్యవస్థలో మేలమాడే హక్కు ఉన్న వరుసలవి. బావను ఏమన్నా చెల్లుతుంది. అన్నను అనడానికి హద్దు ఉన్నది. బంధువులు కానివారు ఒకరినొకరు పరిహాసం చేసుకోవడానికి లైసెన్సు కావలసి వచ్చినప్పుడు, భాష తనకు తెలిసిన వరుసను అరువిచ్చింది. మిత్రహాస్య చిత్రాలలో నవ్వుకు ఆధారం ఈ అరువు వరుసే. ‘రా’, ‘బే’ వంటి ప్రత్యయాలు దానికి తోడవుతాయి. పైకి అమర్యాదగా కనిపించే ఈ రూపాలు ఈ వృత్తంలో సాన్నిహిత్యపు కొలమానాలు. కోపం వచ్చిన మిత్రుడు ‘నువ్వు’ నుంచి ‘మీరు’కు ఎక్కితే అది తిట్టుకన్నా గట్టి దెబ్బ.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. మామ, బావ అన్నవి వియ్యమందదగిన వరుసలు. అంటే సంప్రదాయంలో ఒకే కులపు పరిధికి చెందినవి. కళాశాలలో కులం తెలియని, లేదా తెలిసీ చెప్పుకోని, మిత్రులు పరస్పరం ఆ మాటలు వాడినప్పుడు కులం కరిగిందా, కప్పబడిందా? ఈ రెండు చిత్రాలలోనూ మిత్రబృందంలో కులం మాట ఎవరి నోటా రాదు. అది నగర యువత సాధించిన విముక్తి కావచ్చు, లేక ఆ మౌనాన్ని భరించగల స్థాయిలో ఉన్నవారి సౌకర్యం కావచ్చు. ఒక గట్టి పరిశోధన వ్యాసానికి తగిన సమస్య ఇది. ‘తెలుగు పాడవుతున్నది’ అన్న వగపులో మునిగినవారికి ఈ ప్రశ్న తట్టదు. చిత్రాలను కొట్టివేసిన విమర్శ వాటిని కఠినంగా పరీక్షించే అవకాశాన్నీ అదే ఊపులో పోగొట్టుకున్నది.

ఆ పరీక్షలో ఇవి అన్నిచోట్లా నెగ్గవు. ‘ఈ నగరానికి ఏమైంది’లో స్త్రీలు పురుషుల స్నేహానికి కారణాలుగా మాత్రమే ఉన్నారు. శిల్ప విడిచివెళ్లడంతో వివేక్ చెడిపోతాడు. షర్లీ రాకతో కోలుకోవడం మొదలుపెడతాడు. ఇద్దరికీ పనితనం ఉన్నది, మనసు ఉన్నది, కానీ వారికి ఒక స్నేహితురాలు లేదు. నలుగురు పురుషులు తాగి, తిట్టుకుని, ఒక గదిలో పడుకుని పెరగడానికి కథ సమయమిచ్చింది. శిల్ప తన నిర్ణయానికి ఎలా వచ్చిందో వినడానికి ఇవ్వలేదు. మేలమాడే హక్కు ఈ వృత్తంలో స్త్రీకి లేదు. రెండేళ్ల ముందటి చిత్రమే ఈ విషయంలో ముందున్నది: చిత్ర తన మాట తాను చెప్పుకుంటుంది, లెక్క తాను చూస్తుంది, కోపం వస్తే వ్యాపారం నుంచి భాగస్వామిని తప్పిస్తుంది. రెండవ చిత్రం మొదటిదానికన్నా భాషలో ముందుకూ దృష్టిలో వెనక్కూ నడిచింది. వైఫల్యం విషయంలోనూ ఇంత సూటిగానే అడగాలి. ఈ యువకుల ఓటమి నవ్వు పుట్టించడానికి ఒక కారణం వారి వెనుక ఇల్లు ఉండడం. ప్రశాంత్‌ను తిట్టే తండ్రి అతనికి భోజనం పెట్టే తండ్రి కూడా. సప్లిమెంటరీ తప్పినవాడు మరునాడు కూలికి పోవలసిన ఇంట్లో ఇదే కథ ఇలా నవ్వదు.

సహజత్వమనే పొగడ్త

నిందించేవారి సంగతి ఇది. మెచ్చుకునేవారు చేసిన అపకారం తక్కువేమీ కాదు. ఈ చిత్రాలను పొగిడే ప్రతి సమీక్షలోనూ ‘సహజత్వం’ అన్న మాట కనిపిస్తుంది. పాత్రలు సహజంగా మాట్లాడుతున్నాయి, పక్కింటి కుర్రవాళ్లలాగే ఉన్నారు. ఈ పొగడ్తలో దాగిన అర్థం: ఎవరూ ఏమీ రాయలేదు, కెమెరా పెట్టగానే మాటలు వచ్చాయి. సహజమని ఒప్పుకున్న తరువాత విశ్లేషించడానికి ఏమీ మిగలదు. నిజానికి ఏ మిత్రగోష్ఠినైనా రికార్డు చేసి వింటే అది విసుగు పుట్టిస్తుంది. పునరుక్తులు, లక్ష్యం లేని దారులు, నవ్వు రాని చమత్కారాలు దాని నిండా ఉంటాయి. విసుగు పోయి గోష్ఠి మిగిలేలా చేసినది రచన. ఒక మాట మూడుసార్లు ఏ వ్యవధిలో రావాలి, ఎవరు అడ్డం రావాలి, ఏ వాక్యం పూర్తికాకూడదు అన్నవి రచయిత, నటుడు, ఎడిటరు కలిసి తీసుకున్న నిర్ణయాలు. చాసో కథలలోని సంభాషణను ‘సహజం’ అని వదిలివేసి ఉంటే చాసో మీద విమర్శే పుట్టి ఉండేది కాదు.

2023 జూన్‌లో ‘ఈ నగరానికి ఏమైంది’ మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు, సంభాషణలు కంఠతా వచ్చిన ప్రేక్షకులు పాత్రలతో కలిసి పలికారు. పద్యనాటకాల కాలంలో తెలిసిన పద్యానికే ‘వన్స్‌మోర్’ కొట్టిన ప్రేక్షకుల ముని మనుమలు వీరు. కంఠస్థం కావడం రచనకు పెద్ద పరీక్ష; వచనానికి మరీ పెద్దది. ఛందస్సు లేని మాట ఇన్ని గొంతులలో నిలిచిందంటే దానిలో ఏదో లయ ఉండి తీరాలి. ఆ లయ ఏమిటో చెప్పగలవారు ఛందస్సు బోధించేవారే.

పాఠం ఎక్కడ?

ఇంతకీ అధ్యయనం చేయాలంటే పాఠం కావాలి. పాత సినిమాకు పాటల పుస్తకం ఉండేది. ముళ్లపూడి వెంకటరమణ వంటి రచయితలు వెండితెర నవలలు రాసేవారు. సినిమా అచ్చులోకి వచ్చే దారి అది. నేటి చిన్న చిత్రానికి ఆ దారి మూసుకుపోయింది. ఓటీటీలో తెర కింద కనిపించే ఇంగ్లీషు అనువాదాన్ని ఆధారం చేసుకుని పరిశోధకులు వ్యాసాలు రాస్తే అది తెలుగు సంభాషణ మీద పరిశోధన కాజాలదు. ‘మామా’, ‘బావా’, ‘అన్నా’ మూడింటికీ ఆ అనువాదంలో తరచు ఒకే మాట ఉంటుంది, లేదా ఏదీ ఉండదు. చిత్రాన్ని విని తెలుగులో రాసిపెట్టవలసినది తెలుగు శాఖే. తాళపత్రాల నుంచి ప్రతులు ఎత్తి, పాఠాంతరాలు గుర్తించి, పరిష్కరించిన అనుభవం దానికే ఉన్నది. ఒక పరిశోధకుడు ఒక చిత్రాన్ని పూర్తిగా లిఖితపరచడానికి కొన్ని నెలలు చాలు. ఒక్కొక్క శాఖ ఏటికి రెండు చిత్రాలు చేపట్టినా పదేళ్లలో నగర వ్యావహారికానికి ఒక ఆకరం ఏర్పడుతుంది. ఖర్చు దాదాపు శూన్యం.

ఈ పనిలో ఎదురయ్యే సమస్యలు నిజమైన శాస్త్ర సమస్యలు. ఇద్దరు ఒకేసారి మాట్లాడినప్పుడు పాఠం ఎలా అమర్చాలి? సగంలో తెగిన అసమాపక క్రియ పక్కన చుక్కలు పెట్టాలా, తెగిన చోటే ఆపాలా? హైదరాబాదు పలుకుబడిలో సాగే అచ్చును దీర్ఘంగా రాస్తే అర్థం మారుతుంది, హ్రస్వంగా రాస్తే స్వరం పోతుంది. ఒకే పాత్ర తండ్రితో ‘వచ్చాడు’ అని, మిత్రుడితో ‘వచ్చిండు’ అని అంటుంది. పాఠపరిష్కర్త అలవాటు చొప్పున రెండింటినీ ఒకటి చేస్తే ఆ పాత్ర ఎవరి దగ్గర ఎవరుగా ఉంటున్నదో చెప్పే ఏకైక సాక్ష్యం చెరిగిపోతుంది.